పాత మోటారు కారును ఉన్నదున్నట్లు కాపాడుట



మన గ్రామములలో అరువది యేండ్లు దాటిన పెద్దలకు అంబాసిడరు కారును గుఱించి వేఱుగా పరిచయము చేయ నక్కఱలేదు. పెండ్లికుమారుని ఊరేగింపునకు అదియే వచ్చినది. అర్ధరాత్రమున పురిటినొప్పులు వచ్చిన ఆడుబిడ్డను పట్టణపు ఆసుపత్రికి చేర్చినదియు అదియే. కలెక్టరుగారు తనిఖీకి వచ్చినను, అభ్యర్థి వోట్లడుగ వచ్చినను, పొలిమేరలో ముందుగా కనబడినది దాని గుండ్రని ముఖమే. 2014వ సంవత్సరము మే నెలలో ఆ కారు తయారీ నిలిచిపోయినది. నాటినుండి ఉన్నవి తగ్గుటయే గాని క్రొత్తది పుట్టుట లేదు. అయినను కొన్ని యిండ్లలో, ధాన్యపు కొట్టు ప్రక్కనో, పాకలోనో, దుమ్ము కప్పుకొని ఒకటి నిలిచియున్నది. అట్టి దానిని కొనదలచువారికిని, కలిగియుండి ఏమి చేయుదమా యని తలపోయువారికిని నాలుగు మాటలు చెప్పుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట దాని పుట్టుక. హిందూస్థాన్ మోటార్సు అను సంస్థ 1942లో ఏర్పడినది. కలకత్తాకు సమీపమున హుగ్లీనది ఒడ్డున గల ఉత్తర్‌పారాలో దాని కర్మాగారము నెలకొన్నది. ఇంగ్లండులోని మోరిస్ కంపెనీవారి ఆక్సుఫర్డు మూడవ శ్రేణి కారును మాతృకగా గైకొని 1957లో అంబాసిడరును తయారుచేయ నారంభించిరి. తరువాత మార్కు రెండు, మూడు, నాలుగు అనియు, 1990లో నోవా అనియు పేళ్లు మాఱినవి. ముందరి జాలీ, దీపములు, లోపలి పలక మాఱినవి. ఇంజిన్లును మాఱినవి. ఆకారము మాత్రము ఏబదియేడేండ్లు ఇంచుమించుగా ఒక్కటియే. ఇందుచేత ఒక మార్కు భాగము మఱియొక మార్కునకు అతికించుట సులభమైనది. దారిలో చెడిన బండిని ఏ ఊరి మెకానికైనను నడిపించి పంపగలిగెను. కాని ఆ సౌలభ్యము వలననే, తయారైననాటి భాగములతో చెక్కుచెదరక నిలిచిన బండి నేడు అరుదైపోయినది.

ఇక ప్రధానవిషయము. పాత కారును రెండు విధముల ఉంచుకొనవచ్చును. మొదటిది జీర్ణోద్ధారణము: అనగా ఇనుము కనబడువఱకు రంగు గీకి, చెడినది తీసివేసి, క్రొత్త రంగు, క్రొత్త తోలు, క్రొత్త మెఱుగు పెట్టించుట. రెండవది సంరక్షణము: అనగా నాటి రంగు, నాటి సీట్లు, నాటి గీతలు, నాటి మచ్చలు ఉన్నవి ఉన్నట్లే ఉంచి, చెడుగు ముదురకుండ ఆపుట. పూర్తిగా శిథిలమైన బండికి మొదటి మార్గము తప్పదు. కాని చాలవఱకు నిలిచియున్న బండికి ఆ చికిత్స చేసినచో, అందుగల సాక్ష్యమంతయు పోవును. ఎంత ధనము పోసినను జీర్ణోద్ధారణము మరల చేయించుకొనవచ్చును. తొలి స్థితిని మాత్రము ఒకసారి పోగొట్టుకొన్న పిమ్మట ఏ ధనమును తిరిగి తేలేదు.

ఇది మీరెఱుగని సంగతి కాదు. మన దేవాలయములలో ధర్మకర్తలు భక్తితోనే గోడలకు ఏటేట సున్నము కొట్టించిరి. గోడ తెల్లనైనది. దాని క్రింద శాసనము పూడిపోయినది. ఆ యూరికి చెఱువు త్రవ్వించినది ఎవరో, మాన్యమిచ్చినది ఎవరో చెప్పు అక్షరములు కంటికి కనబడకపోయినవి. కారు రంగును అట్టిదే. కర్మాగారమున ఏ రంగు ఎంత మందముగా వేసిరో, ఏ అతుకు చేతితో వేసిరో, ఏ బిళ్ల ఎక్కడ బిగించిరో ఆ పాత లోహమే చెప్పవలయును.

ఈ యభిప్రాయము లోకమున ఇటీవల బలపడినది. పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్య 1966లో ఏర్పడినది. ఆ సమాఖ్యవారు 2012లో ఇటలీ దేశపు ట్యూరిన్ నగరము పేరిట ఒక నియమావళిని అంగీకరించి, చారిత్రక వాహనమునందు వీలైనంత తక్కువగా చేయిపెట్టవలయునని బోధించిరి. అమెరికాలో కాలిఫోర్నియా తీరమున పెబుల్ బీచి అనుచోట ఏటేట జరుగు ప్రదర్శనము సుప్రసిద్ధము. అందు చిరకాలము అద్దమువలె మెఱయు బండ్లకే అగ్రబహుమానము దక్కుచుండెను. 2024లో మాత్రము 1934 నాటి బుగాటి టైపు 59 బండికి ఆ గౌరవము లభించినది. బెల్జియము రాజగు మూడవ లియోపోల్డు ఒకప్పుడు దానికి యజమాని. దాని పాత రంగు వన్నె తగ్గినను మార్పక నిలిపిరి. అట్లు ఉన్నదున్నట్లు కాపాడిన బండికి అగ్రస్థానము దక్కుట అదియే మొదటిసారి.

కొనువారు చూడవలసినవి చెప్పెదను. అన్నిటికంటె ముందు కాగితములు. రిజిస్ట్రేషను పుస్తకములోని చాసిస్ అంకె, ఇంజిను అంకె బండిమీది అంకెలతో సరిపోవునో లేదో పగటివెలుతురున స్వయముగా చూచుకొనవలయును. అప్పు తాకట్టు గుఱుతు ఉన్నచో అది కొట్టివేయబడినదా యని విచారింపవలయును. యజమాని గతించినచో వారసుల సమ్మతి వ్రాతమూలమున ఉండవలెను. పొరుగు రాష్ట్రపు బండియైనచో అచటి రవాణాశాఖవారి నిరభ్యంతరపత్రము కావలయును. పుస్తకము లేని బండి ఎంత సొగసుగా నున్నను దానిజోలికి పోవలదు. మూడక్షరములు, నాలుగంకెలు గల పాత నంబరు పలక యున్నచో, అది 1989కి పూర్వము రిజిస్టరైనదని తెలియును. ఆ పలకను పాఱవేయనీయకుడు.

పిమ్మట ఒడలు. అంబాసిడరునకు లారీవలె వేఱు చట్రము లేదు. ఒడలే దాని బలము. కావున అడుగు తుప్పుపట్టినచో బండి యెముకలే కుళ్లినట్లు. కాళ్ల క్రింది పట్టాలెత్తి చూడుడు. తలుపుల క్రింది దూలములను, డిక్కీలో మిగులు చక్రముండు తావును, తలుపుల అడుగు అంచులను చూడుడు. ఒక చిన్న అయస్కాంతమును పలుచని బట్టలో చుట్టి మడ్గార్డులమీద పోనిండు. లోహమున్నచోట అంటుకొనును, లప్పము పూడ్చినచోట జాఱిపోవును. డిక్కీ లోపలి రంగును, తలుపు సందులలోని రంగును బయటి రంగుతో పోల్చుడు. కిటికీ చుట్టుగల రబ్బరు బీడింగుపై రంగు తుంపరలున్నచో మరల రంగు వేసినారని యెఱుగుడు. మసిపూసి మారేడుకాయ చేసిన బండ్లు బజారున కొల్లలు. క్రొత్త మెఱుగు చూచి మురియువాడు తుప్పును వెలయిచ్చి కొనినవాడగును.

ఆపైన ఇంజిను. ఎన్నో పెట్రోలు బండ్లకు ఖర్చు తగ్గునని పాత ఇంజిను తీసి ఇతర డీసెలు ఇంజిన్లు బిగించిరి. అది యజమానుల అవసరము, తప్పుపట్టరాదు. కాని తొలి స్థితి గల బండిని వెదకువారికి అట్టిది పనికిరాదు. వన్నె తగ్గి, సీటు చిరిగి, గడియారము ఆగిపోయి, భాగములన్నియు తనవే యైన బండిని, తళతళలాడుచు సగము భాగములు అరువువైన బండికంటె మేలైనదిగా నెంచవలయును. పోయిన చక్రపు మూతలకును, పేరుబిళ్లలకును, పాత దీపముల అద్దములకును వెదకుట ఇంజిను బాగుచేయించుటకంటె కష్టమైన పని.

ఇక కాపాడుట. బండి ఇంటికి వచ్చినంతనే రంగువానిని పిలువకుడు. మొదట నాలుగువైపులనుండియు, అడుగునుండియు ఛాయాచిత్రములు తీయించి ఉంచుడు. మెత్తని బట్టతో, మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టి, మైనము పట్టింపుడు. తుప్పు పొడసూపినచోట ఆ మేరకే శుభ్రముచేసి, తుప్పు ఆపు నూనె పూయింపుడు. గోటితో పోవుదానికి గొడ్డలి యేల? సీటు చిరిగినచో ఆ చిరుగునకు లోపలినుండి గుడ్డవేసి కుట్టింపుడు, మొత్తము మార్పింపకుడు.

బండికి తేమయే పరమశత్రువు. మట్టినేలమీద నిలిపిన బండికి అడుగునుండి చెమ్మ యెక్కును. కావున గచ్చునేల, కురియని కప్పు, గాలియాడు గోడలు కావలయును. గాలి చొఱని మందపు పట్టాతో కప్పినచో లోపల చెమ్మ నిలిచి తుప్పు పెరుగును, నూలుగుడ్డ మేలు. సముద్రతీర గ్రామములవారు ఉప్పుగాలి విషయమున మఱింత జాగ్రత్త పడవలెను. ధాన్యమున్నచోట ఎలుకలుండును, అవి సీట్లలో గూడుకట్టి విద్యుత్తీగలు కొఱుకును. కొట్టులో కారు నిలుపుట మంచిది కాదు.

నడపని బండి నడచు బండికంటె త్వరగా చెడును. రెండు వారముల కొకసారియైనను, ఇంజిను బాగుగా వేడెక్కువఱకు అయిదాఱు మైళ్లు నడుపవలయును. నిలుచున్నచోటనే రెండు నిమిషములు త్రిప్పి ఆపివేసినచో పొగగొట్టములో నీరు చేరి కీడే కలుగును. పెట్రోలు విషయమున రెండు మార్పులు గుర్తుంచుకొనుడు. 2000వ సంవత్సరమునుండి దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. పాత ఇంజిన్లలో కవాటముల పీఠములకు సీసము కొంత రక్షణ నిచ్చెడిది. కావున కవాటముల సందును అప్పుడప్పుడు సరిచూపించవలయును. 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లవఱకు ఇథనాలు కలుపబడినది. అది నీటిని పీల్చును; పాత రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపులోని పొరను మెత్తబఱచును. వానిని ఇథనాలునకు ఓర్చు క్రొత్తరకపువానితో మార్పించుట మంచిది. మాసముల తరబడి నిలుపవలసివచ్చినచో ట్యాంకు ఖాళీచేయించుడు.

ఇచట ఒక హెచ్చరిక. తొలి స్థితి యను మోజులో ప్రాణమునకు ముప్పు తెచ్చుకొనరాదు. బ్రేకు రబ్బర్లు, బ్రేకు నూనె, టైర్లు, పగిలిన విద్యుత్తీగలు—వీనిని కాలమునుబట్టి మార్పింపవలసినదే. గాడి చెడకున్నను ఏండ్లు మీఱిన టైరు దారిలో పగులును. తీసివేసిన పాత భాగమును మాత్రము చీటికట్టి పెట్టెలో దాచియుంచుడు. ఏ దినమున ఏమి మార్చితిరో ఒక పుస్తకమున వ్రాయుడు.

చట్టము సంగతి. సొంత కారు రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్లు చెల్లును. తరువాత తనిఖీ చేయించి అయిదేండ్లకొకసారి పొడిగించుకొనవలయును. 2021 జూలైలో కేంద్రప్రభుత్వమువారు ప్రాచీన వాహనములకు వేఱుగా నియమములు చేసిరి. మొదటి రిజిస్ట్రేషనునాటినుండి ఏబదియేండ్లు దాటి, ఒడలునందును, ఇంజినునందును పెద్దమార్పులు లేక తొలి రూపమున నున్న వాహనము ఆ తరగతికి తగును. క్రొత్త రిజిస్ట్రేషనుకు ఇరువదివేల రూపాయలు, పదేండ్ల గడువు. పొడిగింపునకు అయిదువేలు అని ఆ నియమములలో నిర్ణయించిరి. పాత నంబరు గలవారు దానినే నిలుపుకొనవచ్చును. అయితే ఆ తరగతి బండిని ప్రదర్శనములకు, యాత్రలకు, పరిశోధనకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కింపవలయును. నిత్యవ్యవహారమునకుగాని బాడుగకుగాని త్రిప్పరాదు. తొలి రూపమును చెడగొట్టుకొన్నవారికి ఈ సదుపాయమునకు అర్హత యుండదని గమనింపుడు.

ఇంత శ్రమ మాకేల యని మీలో కొందఱడుగవచ్చును, న్యాయమైన ప్రశ్నయే. సేద్యముమీద బ్రతుకు ఇంటికి ఇది లాభసాటి వ్యాపారమని నేను చెప్పను. పొలము అమ్మి కారు కొనుమనియు చెప్పను. కాపాడు శక్తి లేనివారు కాపాడగలవారికి మొత్తము బండిని, కాగితములతో సహా, ఇచ్చివేయుట ఉత్తమము. తుప్పు బేరగానికి తూకమున నమ్మినచో ఆ పూటకు నాలుగు రూకలు వచ్చును. ఊరిలో అందఱు ఎక్కి తిరిగిన వస్తువు ముక్కలై పోవును. మీ కుమారులు దానికి ఎఱ్ఱరంగు వేయించి, చక్రములు మార్పించి, వేడుకగా తిరుగుదమన్నప్పుడు, అడ్డుచెప్పగల పెద్దఱికము మీయందే కలదు. దాని రంగు ఎందుకు వెలసినదో, ఆ సొట్ట ఏ దారిలో పడినదో మీరెఱుగుదురు, వారెఱుగరు.

కావున ఒక పని నేడే చేయుడు. ఆ బండిని ఎవరు, ఏ యేట కొనిరి, ఎవరు నడిపిరి, ఏయే శుభకార్యములకు, ఏయే ఆపదలకు పోయినది—మీకు జ్ఞాపకమున్నంతవఱకు రెండు పుటలు వ్రాసి రిజిస్ట్రేషను పుస్తకముతో జతచేయుడు. పాత డ్రైవరు జీవించియున్నచో ఆతని నడిగి వ్రాయింపుడు. కారును రేపు మఱియొకరు బాగుచేయవచ్చును గాని, ఆ సంగతులు మీతో పోయిన పిమ్మట ఎవరును చెప్పలేరు.

సెలవు.