పడిపోతాదని కూర్చోబెట్టేయకండి
(మండల సమాఖ్య వార్షిక సమావేశంలో ఒక సభ్యురాలి ప్రసంగం)



పొదుపులు, అప్పుల లెక్కలు అందరూ చెప్పారు. నేను మా అత్త గురించి చెప్తాను. మన పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్న నూలు తీసిన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కుడి చెయ్యి రాట్నం తిప్పినా, నూలు లాగాల్సింది ఎడమ చెయ్యే కదా!

ఇంటికి తెచ్చాక మేమే తప్పు చేశాం. పడిపోతాదని మంచం దించలేదు. లేపాలంటే చచ్చుబడిన చెయ్యి పట్టుకుని లాగేవాళ్లం. భుజం నొప్పి పట్టేసింది. కూర్చోబెడితే ఎడమకి ఒరిగిపోయేది.

ఫిజియోథెరపీ డాక్టరమ్మ చూసి, కాలిలో బలముంది, నిలకడే పోయిందన్నారు. మెదడులో దెబ్బతిన్న చోటు చేసే పని మిగతా భాగాలు నేర్చుకోవాలట. పదేపదే చేస్తేనే అది వస్తాదట. మనం రాట్నం నేర్చుకున్నట్టే.

ముందు మంచం అంచున, పాదాలు నేలకు ఆన్చి కూర్చోవడం. గ్లాసు కొంచెం పక్కన పెడితే, అటు వంగి అందుకోవడం. తరువాత గోడకు ఆన్చిన కుర్చీలోంచి లేచి నిలబడి, మెల్లగా కూర్చోవడం. అదొచ్చాక కిటికీ ఊచ పట్టుకుని, బరువు ఒక కాలి మీంచి రెండో కాలి మీదకి మార్చడం. ఆ తర్వాతే ఒక పాదం ఎత్తి పీట మీద పెట్టడం. పదేసి సార్లు, పొద్దున్నా సాయంత్రం.

మనిషి పక్కనుండాలి, పడిపోయిన వైపే ఉండాలి. నడుం దగ్గర పట్టుకోవాలి, చెయ్యి లాగకూడదు. తడి నేల, జారే చెప్పులు వద్దు. కళ్లు తిరిగినా, గుండెల్లో నొప్పొచ్చినా ఆపేసి డాక్టరుకి చూపించాలి. ఎవరికి ఏ వ్యాయామమో ముందు ఫిజియోథెరపీ వాళ్లే చెప్పాలి.

నేను కూలికెళ్లకపోతే వాయిదా కట్టలేను. అప్పుడు మా సంఘంలో నలుగురు వంతులేసుకుని అత్త పక్కన నిలబడ్డారు. ఆ అప్పు ఏ పుస్తకంలోనూ లేదు.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. రక్తం గడ్డ కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపే పడాలి.

అత్త ఇంకా నూలు తియ్యలేదు. కానీ రాట్నం ముందు, ఏ ఆసరా లేకుండా కూర్చుంటోంది. మీ సంఘంలో ఎవరింట్లోనైనా ఇలాంటి మనిషి మంచాన ఉంటే, ఈ వారం మీటింగులోనే వంతులు వేసుకోండి.