ఉడుములో దాగిన పురుగు

(ఎంకపల్లిలో చదువు నేర్చుకుంటున్న మహిళలకు చెప్పిన మాటలు)



ఉడుము మీ అందరికీ తెలుసు. పొలం గట్ల మీద, రాళ్ల గుట్టల్లో ఉంటుంది. తొండ, బల్లి దాని చుట్టాలే. "ఉడుము నెత్తురు తాగితే నడుము నొప్పి పోతది. పచ్చి మాంసం తింటే బలమొస్తది" అని కొందరు అంటరు. ఇది నిజమా? ఆలోచిద్దాం.

మన గొర్రెలకు, మేకలకు నట్టలు పడతాయి. మనం నట్టల మందు తాపిస్తాం. అడవి జీవాలకూ అట్లనే పురుగులుంటాయి. వాటికి మందు తాపేదెవరు?

బల్లి గోడ మీద పాకితే దాని పురుగు మనకు రాదు. తొండ కంచె మీద కూర్చుంటే రాదు. వాటిని రాళ్లతో కొట్టొద్దు. అవి పురుగు పుట్రను తిని మనకు మేలే చేస్తాయి.

కానీ దారపు పోగులాంటి పురుగు ఒకటి ఉంది. అది నడిచే దారి వినండి.

పెద్ద పురుగు ఎలుక ఊపిరితిత్తుల దగ్గర ఉంటుంది. దాని పిల్లలు ఎలుక పెంటికలతో బయటికి వస్తాయి. అవి కంటికి కనబడవు. నత్త ఆ పెంటికలను తింటుంది. నత్తను ఉడుము తింటుంది. పురుగు పిల్లలు ఉడుము ఒంట్లో చేరతాయి. ఆ ఉడుమును మనిషి పచ్చిగా తింటే మనిషిలో చేరతాయి.

మనిషిలో చేరిన పురుగు మెదడుకు పోతుంది. అక్కడే చస్తుంది. మెదడు పొరలు వాస్తాయి. తల పగిలేటంత నొప్పి, వాంతులు వస్తాయి. మెడ బిగుస్తుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

ఇది కట్టుకథ కాదు. కేరళలో పచ్చి ఉడుము మాంసం తిన్నవాళ్లకు ఈ జబ్బు వచ్చింది. అక్కడి డాక్టర్లు 2006లో ఈ సంగతి రాశారు.

"కల్లులో కలిపి తాగితే పురుగు చావదా?" అని అడుగుతారు. చస్తుందని నమ్మకం లేదు.

"మంచిగ ఉడకబెడితే?" ఉడికిస్తే పురుగు చస్తుంది. కానీ ఉడుమును పట్టినా, చంపినా నేరమే. 1972 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం జైలు శిక్ష పడుతుంది. ఉడుము ఎలుకలను కూడా తింటుంది. దాన్ని చంపితే నష్టం మన చేనుకే.

మరి మనం ఏం చేయాలి?

నడుము నొప్పి ఉంటే దవాఖానకు పోవాలి. ఉడుము నెత్తురు నమ్మొద్దు.

మన దగ్గర కూరగాయలు బాగా పండుతాయి. పచ్చిగా తినే కొత్తిమీర, క్యారెట్, టమాటలను మంచి నీళ్లతో రెండు మూడు సార్లు కడగాలి. ఆకుల సందున చిన్న నత్త ఉంటే తీసేయాలి.

పిల్లలు నత్తలతో ఆడితే సబ్బుతో చేతులు కడిగించాలి.

పచ్చి మాంసం తిన్నవాళ్లకు తలనొప్పి తగ్గకపోతే వెంటనే డాక్టరుకు చూపాలి. ఏం తిన్నారో దాచకుండా చెప్పాలి. భయపడి దాస్తే డాక్టరుకు జబ్బు తెలియదు.

అక్కలారా! ఇప్పుడు మీకు చదువు వచ్చింది. ఈ పేజీని ఇంట్లో పైకి చదవండి. మగవాళ్లకు, పిల్లలకు వినిపించండి. "నెత్తురుతో బలం రాదు, జబ్బు వస్తది" అని గట్టిగా చెప్పండి.