చీము పట్టకపోతే మంచిదేనా?

కోపమొస్తే మన పెద్దవాళ్లు "నీకు చీమూ నెత్తురూ లేవా?" అంటారు కదా. ఈరోజు నిజంగానే చీము పట్టని పిల్లల గురించి మాట్లాడుకుందాం.

1992లో ఇజ్రాయెల్ డాక్టర్లు ఇద్దరు పిల్లల గురించి రాశారు. వాళ్లకి పదే పదే ఇన్ఫెక్షన్లు, కానీ చీము పట్టదు. బ్లడ్ టెస్ట్ చేస్తే తెల్లరక్తకణాలు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ! చీములో ఉండేది చాలావరకు క్రిములతో పోరాడి చనిపోయిన తెల్లకణాలే. మరి రక్తంలో ఇన్ని కణాలుండి, ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి ఎందుకు చేరలేదు?

ఎందుకంటే వాటికి ఆగడం చేతకాలేదు.

వరద కాలువలో ఒక మనిషి కొట్టుకుపోతున్నాడు అనుకోండి. ఒడ్డున గడ్డి పట్టుకుంటాడు, జారిపోతుంది. ఇంకో గుప్పెడు పట్టుకుంటాడు. అలా వేగం తగ్గి చివరికి ఒక చెట్టుకొమ్మ దొరుకుతుంది. మన తెల్లకణాలు చేసేదీ అదే. ఇన్ఫెక్షన్ దగ్గర రక్తనాళం లోపలి గోడ మీద సెలెక్టిన్లు అనే ప్రోటీన్లు పైకి వస్తాయి. ఇవి లెక్టిన్ల కుటుంబానికి చెందినవి. లెక్టిన్ల పనే చక్కెరలను గుర్తుపట్టి అంటుకోవడం. తెల్లకణం మీదున్న చక్కెర గొలుసును సెలెక్టిన్ పట్టుకుంటుంది, వెంటనే వదిలేస్తుంది, పక్కది పట్టుకుంటుంది. కణం గోడ మీద దొర్లుతూ నెమ్మదిస్తుంది.

ఇది ఉత్త జిగురు కాదండోయ్. ఆ పట్టుతోనే కణం లోపలికి సిగ్నల్ వెళ్తుంది. గోడ మీదున్న కెమోకైన్లు ఇంకో సిగ్నల్ ఇస్తాయి. దాంతో ఇంటిగ్రిన్లు అనే ప్రోటీన్లు విచ్చుకుని గట్టిగా పట్టేస్తాయి. మన చెట్టుకొమ్మ అదే! ఇక కణం గోడలోంచి దూరి బయటికి వెళ్తుంది.

ఆ పిల్లల్లో లోపం చక్కెర గొలుసులో ఉంది. అందులో ఉండాల్సిన ఫ్యూకోజ్ అనే చిన్న చక్కెర లేదు. దాన్ని కణంలో గొలుసులు తయారయ్యే చోటికి మోసుకెళ్లే ప్రోటీన్ జన్యువు దెబ్బతింది. ఇంకో విశేషం, వాళ్లది బాంబే బ్లడ్ గ్రూప్! 1952లో బొంబాయిలో గుర్తించిన ఆ అరుదైన గ్రూపే. ఎర్రకణాల మీద హెచ్ యాంటిజెన్‌కి కూడా ఫ్యూకోజే కావాలి మరి. అయితే కంగారు పడకండి, బాంబే గ్రూప్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ లోపం వేరే జన్యువులో ఉంటుంది. వాళ్లకి ఈ జబ్బు ఉండదు.

మరి మందు? 1999లో జర్మనీలో ఇదే జబ్బున్న ఒక బాబుకి ఫ్యూకోజ్‌నే నోటిద్వారా ఇచ్చారు. ఇన్ఫెక్షన్లు తగ్గాయి, తెల్లకణాల లెక్క కిందికి దిగింది. అందరికీ పనిచేయలేదు. ఏ జన్యుమార్పు ఉందన్నదాన్ని బట్టి ఫలితం మారింది.

కాబట్టి రిపోర్టులో కౌంట్ ఎక్కువుంటే రక్షణ ఎక్కువ అనుకోవద్దు. కణం సరైన చోట ఆగగలగాలి. ఇక మీ వేలికి చిన్న గాయమై కాస్త చీము కనిపిస్తే, శుభ్రం చేసుకుంటూ ఒక్కసారి గుర్తు చేసుకోండి... అక్కడ ఎన్ని కణాలు పట్టు దొరకబుచ్చుకుని ఆగాయో!