సున్న కథ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం ముగిసి, లోపలినుంచి పులిహోర వాసన వస్తున్న వేళ గణితం మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. రాశులవారీగా ఆదాయ వ్యయాలు ఇప్పుడే విన్నారు. ఆ రెండూ సమానమైతే మిగిలేదేమిటో, దాని సంగతి నేను మనవి చేస్తాను.

ఈ కన్నడ సీమలో మన పిల్లలు బడిలో ‘సొన్నె’ అని, ఇంట్లో ‘సున్న’ అని నేర్చుకుంటున్నారు. పరీక్షలో వస్తే అది గుండుసున్న. మనకు సున్న అంకెల్లోనే కాదు, అక్షరాల్లోనూ ఉన్నది. పండితులు దాన్ని పూర్ణానుస్వార మంటారు. చిత్రమేమంటే, సంఖ్యలను మాటలతో చెప్పే సంస్కృత పద్ధతిలో ‘శూన్య’, ‘ఖ’, ‘అంబర’ అన్న మాటలతోబాటు ‘పూర్ణ’ అన్నా సున్నయే!

“సున్నను కనిపెట్టింది మనమే” అని వేదికలమీద చప్పట్లు కొట్టించుకోవడం సులభం. కాని పక్కవాడు “బాబిలోనియావారి మాటేమిటి?” అని అడిగితే మన పిల్లవాడు తెల్లమొగం వేయకూడదు గదా. క్రీస్తుకు పూర్వమే వారు అంకెల నడుమ ఖాళీ స్థానం చూపడానికి ఒక గుర్తు పెట్టుకున్నారు. సముద్రాల కావల మాయా జాతివారు తమ కాలగణనలో సున్నకు గవ్వవంటి గుర్తు వాడారు. మరి మనవారి గొప్ప ఎక్కడున్నది? ఖాళీచోటును సంఖ్యగా మన్నించి, తక్కిన సంఖ్యల పంక్తిలో కూర్చోబెట్టి, దానితో కూడికకు, తీసివేతకు, హెచ్చవేతకు సూత్రాలు చెప్పడంలో ఉన్నది. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో చేసిన పని అది. సమానమైన ధనమూ ఋణమూ కలిస్తే శూన్యమన్నాడు. పది రూపాయల ఆస్తి, పది రూపాయల అప్పు ఉన్నవాని గతి అన్నమాట.

భాగహారం దగ్గర మాత్రం మహామహులే తడబడ్డారు. సున్నను సున్నతో భాగిస్తే సున్న అన్నాడు బ్రహ్మగుప్తుడు. సున్నతో భాగిస్తే సంఖ్య మారదన్నాడు 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు. 1150లో భాస్కరాచార్యుడు ఆ ఫలితానికి ‘ఖహరము’ అని పేరుపెట్టి, అది అనంతమనీ, ఎంత కలిపినా తీసినా మారదనీ చెప్పి భగవంతునితో పోల్చాడు. పోలిక అందమైనదే గాని లెక్క తేలలేదు. ఆరును మూడుతో భాగిస్తే రెండు. ఎందుకంటే రెండు మూళ్ళు ఆరు. మరి ఆరును సున్నతో భాగిస్తే? ఏ సంఖ్యను సున్నతో హెచ్చిస్తే ఆరవుతుంది? ఏదీ కాదు. సున్నను సున్నతో భాగిస్తారా, ఏ సంఖ్య చెప్పినా సరిపోతుంది! అందుచేత నేటి గణితజ్ఞులు ఆ భాగహారానికి అర్థమే లేదని తీర్మానించారు. ఈ పొరపాట్లు పిల్లలకు దాచనక్కరలేదు. ఆ ప్రశ్న వేయడానికైనా ముందు సున్న ఒక సంఖ్య అనిపించాలి.

మహావీరాచార్యుడు ఈ సీమ నేలిన రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంవాడు, జైనుడు. ఆయన సంస్కృతంలో వ్రాసిన గణితసారసంగ్రహాన్ని మన పావులూరి మల్లన తెలుగు పద్యాలలో పెట్టాడు. అంటే, అంత పాత రోజుల్లోనే లెక్క నేర్వదలచిన తెలుగువాడికి తన భాషలో పుస్తక ముండేది. తెలుగులో ఎక్కాలు చెప్పించడం కష్టమంటున్న తల్లిదండ్రులు ఈ సంగతి గమనించ ప్రార్థన.

గ్వాలియరులో ఒక చిన్న విష్ణ్వాలయమున్నది. 876 నాటి దాని శాసనంలో చిన్న వృత్తంగా చెక్కిన సున్నలు నేటికీ కనిపిస్తాయి. దేవుని పూలతోట పొడవు 270 మూరలు, రోజుకు దండలు 50. శాస్త్రవేత్తల కోసం చెక్కినది కాదది, తోటమాలి లెక్క!

మన శూన్యం అరబ్బుల నోట ‘సిఫ్ర్’ అయింది. 1202లో ఇటలీవాడు ఫిబొనాచీ ఈ అంకెలను తన గ్రంథంలో వివరించాడు. అయినా 1299లో ఫ్లారెన్సు నగరపు సొమ్ము మార్పిడి వర్తకుల సంఘం, ఖాతాల్లో కొత్త అంకెలు వ్రాయరాదని కట్టడి చేసింది. క్రీస్తుశకంలో సున్న సంవత్సరమే లేదు. క్రీస్తు పూర్వం 1 తరువాత నేరుగా క్రీస్తుశకం 1 వస్తుంది. మనమో, “అబ్బాయికి ఐదు నిండి ఆరు నడుస్తోంది” అంటాము. తొలి ఏడంతా పసిబిడ్డకు నిండినవి సున్న.

ఇక భౌతికశాస్త్రం. సెంటిగ్రేడు సున్న మనుష్యులు పెట్టుకున్నది, నీరు గడ్డకట్టే చోటు. కాని అసలైన సున్న వేరే ఉన్నది. 1848లో కెల్విన్ ప్రభువు ప్రతిపాదించిన పరమశూన్య ఉష్ణోగ్రత అది: సున్నకు దిగువన 273.15 డిగ్రీలు. దాని దరికి ఎంతైనా పోవచ్చు గాని, అందుకోలేము. 1908లో హాలెండులో కామర్లింగ్ ఓన్స్ హీలియం వాయువును ద్రవంగా మార్చాడు; 1911లో ఆ చలిలో పాదరసం విద్యుత్తును ఏ నిరోధమూ లేకుండా ప్రవహింపనిస్తుందని కనుగొన్నాడు. నిరోధం సున్న! అంత చలిలోనూ అణువుల కదలిక సున్న కాదు. క్వాంటం శాస్త్రం ప్రకారం కొంత శక్తి మిగిలే ఉంటుంది. అందుకే మామూలు వాతావరణ పీడనంలో హీలియాన్ని ఎంత చల్లార్చినా గడ్డకట్టదు. సుమారు 25 రెట్ల పీడనం పెడితేగాని లొంగదు.

పులిహోర చల్లారిపోతున్నదని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. సెలవు.