తల ముట్టనీయని గుర్రమునకు తగిన కళ్ళెము
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మైదానపు ఊళ్ళలో జట్కాలు చాలవరకు ఆటోలకు చోటిచ్చి తప్పుకొన్నవి. అయినను పాడేరు చుట్టుపట్ల కొండ గ్రామాలలో సంతకు సరుకు చేర్చవలెనన్నా, మనిషి కొండ దిగి రావలెనన్నా గుర్రమే దిక్కుగా ఉన్న ఇండ్లు ఇంకను కలవు. అట్టి ఇంటిలో గుర్రము కళ్ళెము వేయించుకొనక మొరాయించినదంటే ఆ వారము సంత పోయినట్లే.

కొన్నేండ్ల క్రిందట ఒక రైతు తన ఆడగుర్రమును నా వద్దకు తోలుకొని వచ్చినాడు. "అయ్యా, దీనికి పొగరెక్కింది. చెవి దగ్గరకు చెయ్యి పోతే చాలు, తల పైకెత్తి వెనక్కి నడుస్తోంది. వచ్చిన కాడికి అమ్మేస్తాను" అన్నాడు. అమ్మినచో మరల కొనుటకు అతని వద్ద డబ్బు లేదు. నేను మెల్లగా జూలు తొలగించి చూడగా కుడిచెవి వెనుక వ్రేలి వెడల్పున పుండు కనబడినది. తలపట్టీగా సన్నని నైలాను త్రాడు కట్టినాడు. నుదుటి పట్టీ పొట్టిది. అది ముందుకు లాగుటచే త్రాడు చెవి మొదలును కోయుచున్నది. పొగరెక్కడిది?

కావున కళ్ళెము కొనుటకు ముందు గుర్రము తలను పరీక్షింపవలెను. చెవులలో పిడుదులు ఉన్నవేమో, ఈగకాటు పొక్కులు ఉన్నవేమో చూడుడు. నోటిలో పై దౌడ పళ్ళ వెలుపలి అంచులు అరిగి కత్తివలె తేలి చెక్కిలిని కోయుచుండును. కొన్ని గుర్రములకు దౌడపళ్ళకు ముందు చిన్నపన్ను ఒకటి మొలచి కడ్డీ తగిలినప్పుడెల్ల నొచ్చును. ఇవి పశువైద్యుడు చూడదగిన పనులు. ఆకురాయి పట్టుకొని మీరే దిగవద్దు. పుండు ఉన్నచో ధనుర్వాతపు టీకా సంగతి కూడ అడుగుడు. గుర్రమునకు ఆ జబ్బు తేలికగా సోకును.

ఇక కళ్ళెము. మనవారు నోటి కడ్డీని మాత్రమే చూచి బేరమాడుదురు. తల ముట్టనీయని గుర్రమునకు అసలు చూడవలసినది తలపట్టీ. అది వెడల్పుగా, మెత్తని లోపట్టుతో, చెవుల వెనుక కొంచెము కోతపెట్టి చెవి మొదలునకు తగులకుండ ఉండవలెను. ముఖ్యముగా దాని బకిలీ సులభముగా ఊడవలెను. చెంపపట్టీ ఎడమవైపు విప్పి, తలపట్టీని మెడమీదుగా వేసి, చెవుల వెనుకకు జరిపి మరల బిగింపవచ్చును. చెవులను మడచి పట్టీలో దూర్చు పనియే ఉండదు. సగము పోరాటము ఇక్కడనే తీరును.

నుదుటి పట్టీ క్రింద ఒక వ్రేలు తేలికగా జొరవలెను. గొంతుపట్టీ, దౌడల నడుమ నాలుగు వ్రేళ్ళు నిలువుగా పట్టవలెను. ముక్కుపట్టీ చెంప ఎముక గట్టునకు రెండు వ్రేళ్ళు దిగువను, ముక్కు ఎముక మీద రెండు వ్రేళ్ళు దూరునట్లు వదులుగా ఉండవలెను. మరీ క్రిందికి జారినచో అచ్చట ఎముక పలుచన, ఊపిరికిని అడ్డము. గంతలు కట్టువారు అవి కనురెప్పల వెంట్రుకలకు తగులకుండ చూచుకొనుడు.

కడ్డీ కొలతకు ఒక దారము చాలును. నోటి మూలనుండి మూలకు కొలిచి, ఇటు పావు అంగుళము, అటు పావు అంగుళము కలుపుడు. పెట్టిన తరువాత పెదవి మూలలో ఒకటి రెండు ముడుతలు పడవలెను. క్రిందికి వ్రేలాడినచో మగగుర్రమునకు కోరపళ్ళను కొట్టును. లావైన కడ్డీ మెత్తనిదను మాట ఒకటి వాడుకలో కలదు. కాని కొండగుర్రముల నోరు చిన్నది, అందు లావు కడ్డీ ఇమడదు. నునుపుగా, తుప్పు లేకుండ ఉన్న నడితరపు కడ్డీ మేలు. ముళ్ళ కడ్డీ మాత్రము తాకవద్దు. బండి, బరువు లాగు జంతువులను గూర్చిన 1965 నాటి నిబంధనలు దానిని నిషేధించినవి. నోరు తెగిన గుర్రము ఇంకను తల ఎగురవేయునే గాని లొంగదు.

నోటిలో గాయమున్నన్నాళ్ళు కడ్డీ లేని కళ్ళెము, అనగా ముక్కుపట్టీ ప్రక్కలకు పగ్గములు కట్టినది, వాడవచ్చును. అయితే దానికి అలవాటు పడని గుర్రమును లారీలు తిరుగు రోడ్డు మీదికి తీయకుడు.

పుండు మానినను భయము వెంటనే మానదు. గుర్రమునకు తన నుదుటికి ఎదురుగా ఉన్నది కనబడదు. కావున భుజము ప్రక్కనుండి మాట్లాడుచు పొండు. భుజము, మెడ, ఆపైన చెంప నిమురుడు. కదలక నిలిచినప్పుడు చేయి తీయుడు. తల విదిలించినప్పుడు తీసినచో విదిలించిన చేయి పోవునని నేర్చుకొనును. మన ఆడగుర్రము విషయమున ఆ రైతు భార్యయే ఈ పని చేసినది. ఆమెకు ఓపిక హెచ్చు. కడ్డీకి కాస్త బెల్లపు పాకము రాసెడిది. నెలన్నరకు అది తానే తల దించినది. గుర్రము అమ్ముడుపోలేదు.

కళ్ళెము తీయుటలో మన తొందర వలన కూడ ఈ గుణము వచ్చును. తలపట్టీ లాగివేయగానే కడ్డీ ముందుపళ్ళకు ఠక్కున తగులును. గుర్రము తానుగా నోరు తెరచి కడ్డీని వదలు వరకు పట్టీని చేతితో ఆనించి ఉంచుడు. తరువాత కడ్డీని నీళ్ళతో కడిగి, తోలుకు చెమట తుడిచి, నెలకొకసారి పలుచగా ఆముదము పట్టింపుడు.

ఈసారి పశువుల శిబిరమునకు వచ్చునప్పుడు గుర్రముతోపాటు మీ పాత కళ్ళెమును కూడ తెండు. పట్టీ కొలతలు అక్కడనే సరిచూతము.