తల్లి ప్రోగ్రాము తెరచి యుంచిన ద్వారము

ప్రోగ్రామనగానే శ్రోతలకు రేడియో కార్యక్రమము స్ఫురించుట సహజము. మేమిచ్చట ముచ్చటింపబోవునది కంప్యూటరు ప్రోగ్రామును గూర్చి. దానిని మనుష్యుడు గాక వేరొక ప్రోగ్రాము ప్రారంభించినప్పుడు, తనకు కావలసిన సమాచారమును అది ఎచ్చటినుండి గ్రహించును? ప్రశ్న చిన్నదే. కాని, నడిరేయి ఎవ్వరును కనిపెట్టి యుండని వేళ సాగు పనులు పెక్కు దీనిపై ఆధారపడి యున్నవి.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు మొదలైన యునిక్సులోను, ఆ బాటన వచ్చిన లినక్సులోను ప్రతి ప్రోగ్రామునకును మూడు ద్వారములు తెరచి యుంచుట ఆచారము. వానికి 0, 1, 2 అని సంఖ్యలు. సున్న లోనికి వచ్చు త్రోవ. స్టాండర్డ్ ఇన్‌పుట్ అనునది ఇదియే. ఒకటి ఫలితము వెలువడు త్రోవ. రెండు తప్పులు తెలుపు త్రోవ.

కొత్తదానిని నడిపింపదలచిన ప్రోగ్రాము ముందుగా ఫోర్క్ అను పిలుపుతో తనవంటి ప్రతిరూపమును కల్పించును. ఆ ప్రతిరూపము ఎగ్జెక్ అను పిలుపుతో కొత్త ప్రోగ్రామును తనలో నింపుకొనును. మన కథలలోని పరకాయప్రవేశమువంటిదే ఇది: దేహమదే, జీవుడు వేరు. దేహమునకున్న ద్వారములు మాత్రము సామాన్యముగా అట్లే నిలుచును. తల్లి కీబోర్డును వినుచున్నచో బిడ్డయు కీబోర్డునే వినును. తల్లి ఒక ఫైలును చదువుచున్నచో బిడ్డయు ఆ ఫైలునే, తల్లి ఆగిన చోటినుండియే చదువును.

చిక్కంతయు ఇచ్చటనే. నూరు యంత్రముల పేర్లు గల జాబితా యొకటి యున్నదనుకొందము. షెల్ ఒక్కొక్క పేరును చదివి, ఎస్.ఎస్.హెచ్. ద్వారా ఆయా యంత్రముపై దస్తావేజుల నకళ్లు తీయింపవలెను. మొదటి పేరు చదువబడెను, ఎస్.ఎస్.హెచ్. బయలుదేరెను. దూరపు యంత్రమునకు అందించుటకై అది తన సున్న ద్వారమును చదువును గదా! ఆ ద్వారమున నున్నది మన జాబితాయే. మిగిలిన తొంబదితొమ్మిది పేర్లును దాని కడుపులోనికి పోవును. షెల్ తిరిగి వచ్చి చూడగా జాబితా ముగిసియుండును. తప్పు జరిగినట్లు ఒక్క మాటయు రాదు. నకలు దొరికినది ఒక్క యంత్రమునకే. ఆ సంగతి డిస్కు చెడిననాడు గాని బయటపడదు. ఎస్.ఎస్.హెచ్.తో ‘-ఎన్’ అను సంకేతమును జతచేసిన ఈ ముప్పు తొలగును. అప్పుడది, ఎంత చదివినను ఏమియు లభింపని డెవ్-నల్ అను శూన్యమునుండి చదువును.

తోటకు నీరు పెట్టు గొట్టములవలె ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలింప వీలుండవలెనని డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే సూచించెను. కెన్ థాంప్సన్ 1973లో యునిక్సునకు పైపును సమకూర్చెను. పైపులో మరియొక చిక్కు గలదు. ఫోర్క్‌తో ద్వారములకును ప్రతులు ఏర్పడుటచే, వ్రాయు కొనను పట్టుకొన్నవారందరును దానిని మూసిన గాని చదువరికి ముగింపు తెలియదు. ఒక్కరు మరచినను బిడ్డ ఎదురుచూచుచునే యుండును.

అట్లయిన సున్న ద్వారమును ముందే మూసివేసిన పోలేదా యని కొందరందురు. మా యభిప్రాయమున అది మరింత అపాయకరము. అటుపిమ్మట తెరచు ఫైలునకు ఖాళీగానున్న కనిష్ఠసంఖ్య, అనగా సున్నయే, దక్కును; ఏదో సంబంధములేని ఫైలు స్టాండర్డ్ ఇన్‌పుట్ స్థానమున వచ్చి కూర్చుండును. కావుననే రాత్రివేళ ఒంటరిగా నడచు ప్రోగ్రాములకు ద్వారము మూయుటకు మారు డెవ్-నల్‌ను తగిలించుట వాడుకయైనది.