బీపీ ఎందుకు వస్తోంది? ఊళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే తెలిసిన సంగతులు

(రైతు సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పోడు పట్టాలు, మిర్చి ధర, కౌలు రైతుల సమస్యలు మాట్లాడుకునే చోట బీపీ గురించి ప్రసంగం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఇంట్లో పనిచేసే మనిషికి పక్షవాతం వస్తే ఆ ఇల్లు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కాలూ చేయీ పడిపోతే అరక ఆగిపోతుంది. ఖమ్మం తీసుకుపోవడానికి మొదట ఎడ్లు అమ్ముతారు, తర్వాత ఎకరం అమ్ముతారు. పురుగుమందుల షాపు అప్పుకు తోడు ఆసుపత్రి అప్పు వచ్చి చేరుతుంది. పక్షవాతానికి అన్నిటికన్నా పెద్ద కారణం బీపీ. కాబట్టి ఇది రైతు సమస్యే.

మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. బీపీ కూర్చుని తినేవాళ్ల జబ్బు, చెమటోడ్చే ఒంటికి రాదు అని. మనకు పక్కనే ఉన్న ఉభయ గోదావరి జిల్లాల్లో ఈ నమ్మకానికి జవాబు దొరికింది. అక్కడ 45 గ్రామాల్లో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో, ఏడాది పాటు జరిగిన ప్రతి చావునూ నమోదు చేశారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, ఏ లక్షణాలతో పోయారో అడిగి రాసుకున్నారు. 2006లో ఆ లెక్కలు బయటికి వచ్చాయి. నూటికి 32 చావులు గుండెజబ్బు, పక్షవాతం లాంటి రక్తనాళాల జబ్బుల వల్ల. అంటురోగాల వల్ల పోయినవారు నూటికి 12 మంది. అవి వరి పండించే ఊళ్లు, నగరాలు కావు.

మరి బీపీ ఎందుకు వస్తుంది? ఒక్క రోగిని ఎంత పరీక్షించినా ఇది తెలియదు. అతనికి బీపీ వచ్చేనాటికి కారణం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. జబ్బు రాకముందే ఊరు ఊరంతటినీ చూడటం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి చూస్తూ పోవాలి. ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఇద్దరి బతుకుల్లో తేడా ఏమిటి అని వెతకాలి. మనం పొలంలో రెండు మళ్లు పక్కపక్కన పెట్టి ఎరువు తేడా చూడమా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ పంటకాలం ముప్పై, నలభై ఏళ్లు.

అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. ఆ రోజు ఆయన బీపీ 300 దాటింది. అంతకు ముందు ఏళ్లుగా పెరుగుతూ వచ్చినా, వయసుతో పెరగడం మామూలేనని ఆయన సొంత వైద్యుడే సరిపెట్టుకున్నాడు. అంత పెద్ద దేశాధ్యక్షుడికి దొరికిన వైద్యం అది! 1948లో అక్కడి ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణంలో 5,209 మందిని తీసుకుని రెండేళ్లకోసారి పరీక్షించడం మొదలుపెట్టారు. తర్వాత వాళ్ల పిల్లల్ని, మనవల్ని కూడా చేర్చుకున్నారు. పెద్ద వయసుకు పెద్ద బీపీ సహజమే అన్న మాట తప్పని తేల్చినవాటిలో ఆ అధ్యయనం ముఖ్యమైనది. ఏ బాధా లేని మనిషిలో కూడా అంకె పెరిగేకొద్దీ పక్షవాతం ముప్పు పెరుగుతుందని చూపించింది. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు కాబట్టి నాకు బీపీ లేదు అనేవాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు.

ఇక మన అడవి అంచు మనుషులకు దగ్గరైన సంగతి. 1988లో ఇంటర్‌సాల్ట్ అనే అధ్యయనం 32 దేశాల్లో, 52 చోట్ల, పది వేల మందికి పైగా మనుషుల మూత్రంలో ఉప్పు కొలిచింది. అన్నిచోట్లా వయసుతో బీపీ పెరుగుతుంటే నాలుగు చోట్ల పెద్దగా పెరగలేదు. ఆ నలుగురిలో ఒకరు బ్రెజిల్ అడవుల్లోని యానోమామి ఆదివాసులు. వాళ్ల తిండిలో ఉప్పు దాదాపు లేదు. అయితే వాళ్ల రక్తంలో ఏదో ప్రత్యేకత ఉందనుకోవచ్చా? కెన్యాలో లువో జాతివాళ్లను గమనిస్తే కాదని తెలిసింది. పల్లె వదిలి నైరోబీ నగరానికి వచ్చిన కొద్ది నెలల్లోనే వాళ్ల బీపీ పెరిగింది. మనుషులు వాళ్లే, మారింది తిండీ బతుకూ.

మన దగ్గర ఏం జరిగిందో చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు తొమ్మిది రాష్ట్రాల ఆదివాసుల్లో చేసిన సర్వేలో, పెద్దవాళ్లలో నూటికి 26, 27 మందికి బీపీ ఉన్నట్టు తేలింది. ఒకప్పుడు సంతలో కొంచెం ఉప్పు కోసం చింతపండు, ఇప్పపువ్వు ధారపోయించుకునేవాళ్లు వ్యాపారులు. ఆ దోపిడీని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఇప్పుడు ఉప్పుకు కరువు లేదు, ఎక్కువైంది. పోడులో పండిన జొన్న, సామ తగ్గి రేషన్ బియ్యం వచ్చింది. అన్నంలోకి పచ్చడి, ఎండుచేప వచ్చాయి. అడవిలో దొరికే ఆకుకూరలు, దుంపలు తగ్గాయి. బీపీని తగ్గించే పొటాషియం వాటిలోనే ఉండేది. పిల్లల చేతుల్లోకి ఐదు రూపాయల చిప్స్ పొట్లం వచ్చింది. అడవి మీద హక్కు పోవడానికీ బీపీకీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే ఈ కంచం చూపించండి.

ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షలతో కొలిస్తే మనిషి రోజుకు సుమారు 9.5 గ్రాముల ఉప్పు తింటున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచా. ఖమ్మం మిర్చి రైతులు నొచ్చుకోకండి, తప్పు కారానిది కాదు. ఆవకాయలో కారం వెనక దాక్కున్న ఉప్పుది.

మూలాలు ఇంకా వెనక్కి, తల్లి కడుపు దాకా పోతాయి. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాల్లో ఒక పరిశీలన జరిగింది. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు తిండి పెట్టారు. 14 ఊళ్లలో ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక వెతికి పట్టుకుని పరీక్షించారు. తిండి అందినవాళ్లు కాస్త పొడవు పెరిగారు, వాళ్ల రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. బీపీ అంకెలో చెప్పుకోదగ్గ తేడా ఆ వయసులో కనబడలేదు. కానీ నాళాలు బిరుసెక్కడం రేపటి బీపీకి దారి. ఆ కుటుంబాల్ని తర్వాత కూడా పరీక్షిస్తూ వచ్చారు. అంగన్‌వాడీ గుడ్డు ఎగ్గొడితే ఆ నష్టం నలభై ఏళ్ల తర్వాత కూడా బయటపడవచ్చని నేను దీన్నుంచి అర్థం చేసుకుంటాను.

మరో రెండు మాటలు. నాట్లు, మిర్చి కోతల కాలంలో ఒళ్లునొప్పులకు రోజూ మింగే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు బీపీని పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. సారా, గుడుంబా కూడా బీపీని పెంచుతాయి. అప్పుల దిగులు సంగతేమిటని మీరు అడుగుతారు. దిగులు నిద్రను తింటుంది, తాగుడుకు తోస్తుంది, అన్నిటికన్నా ముందు మాత్రలు మానిపిస్తుంది. అప్పు తీరేదాకా ఆగుదామని బీపీ మాత్ర ఆపకండి.

వైద్యం ఖరీదైనదేమీ కాదు. 2017లో కేంద్రం ఐదు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన బీపీ నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ ఉంది. ఆమ్లోడిపిన్ లాంటి చవక మాత్రలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇవ్వాలి. 30 ఏళ్లు దాటిన ప్రతివారూ కొలిపించుకోవాలి. 140/90 దాటితే ఇంకో రోజు మళ్లీ చూపించుకుని డాక్టరు దగ్గరికి పోవాలి. చైనా పల్లెల్లో 600 ఊళ్లలో, పక్షవాతం ముప్పు ఎక్కువున్నవాళ్లకు పొటాషియం కలిపిన ఉప్పు ఐదేళ్లు ఇచ్చి చూస్తే పక్షవాతాలు నూటికి 14 వంతు తగ్గాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా అది వాడకూడదు.

మన సంఘం అడగవలసినవి అడుగుదాం. రేషన్‌లో జొన్నలు, రాగులు ఇవ్వాలి. ప్రతి ఆదివాసీ గూడెంలో ఏడాదికి రెండుసార్లు బీపీ కొలిచి, ఆ పుస్తకం ఏళ్ల తరబడి అదే ఉపకేంద్రంలో ఉంచాలి. సిబ్బంది మారినా పుస్తకం మారకూడదు. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం ఆసుపత్రికి వచ్చే మనిషి రాష్ట్రం దాటి వస్తున్నాడు. ఏ రాష్ట్రం కార్డు అని అడగకుండా మాత్రలు ఇవ్వాలి. వాగులు పొంగి దారులు తెగిపోయే జులై, ఆగస్టు నెలలకు సరిపడా మాత్రలు జూన్‌లోనే ఆశా కార్యకర్తల చేతికి రావాలి. దీని మీద వచ్చే గ్రామసభల్లో తీర్మానాలు పెట్టించి, నకళ్లు ఐటీడీఏ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.